మా యింటి మాటలు – విఱిగిన పంటికి అతుకు

కోనసీమనుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము నెలదినములుగా మా బల్లమీద నున్నది. ఆమె కుమార్తెకు పదునెనిమిదేండ్లు. మెట్లమీద పడి ముందరి పంటి మూల విఱుగగొట్టుకొన్నదట. దంతవైద్యుడు కాంపోజిటుతో బాండింగు చేసి సరిచేయుదునని చెప్పెను. అత్తగారు మాత్రము "అది వట్టి ప్లాస్టికు, నెలకే ఊడిపోతుంది, ఆడపిల్ల పంటికి అతుకు పెట్టించారని తెలిస్తే సంబంధాలు రావు" అని యడ్డుపడుచున్నారట. ఆ పదార్థమేమి, నిజముగా నిలుచునా, పెండ్లివారితో చెప్పవలెనా మానవలెనా అని యామె మూడు ప్రశ్నలు వేసినది. మొదటి రెంటికి మేము చూచి, చదివి, అడిగి తెలిసికొన్నంత చెప్పుదుము. మూడవదానిపై మా యభిప్రాయమును దాచము.

ఇన్నాళ్ళు జవాబు వ్రాయకుండుటకు కారణము సోమరితనము కాదు. ఈ విషయమున మా యింటనే తప్పు జరిగినది. దానిని కప్పిపుచ్చి యితరులకు బుద్ధులు చెప్పుటకు కలము సాగలేదు.

మా ఆడపడుచు కుమార్తె మా యొద్ద నుండి చదువుకొనుచున్నది. రెండేండ్ల క్రిందట సంక్రాంతినాడు కాలువరేవున పాచిపట్టిన మెట్టుమీద కాలుజాఱి పడినది. పై వరుసలో ముందరి పన్నొకటి మూడవవంతు విఱిగినది. ముక్క కాలువపాలైనది. నెత్తురు కడిగి, పుక్కిలింపజేసి, పాలు త్రాగించి పడుకొనబెట్టితిమి. రెండు దినములలో నొప్పి తగ్గినది. తగ్గెను గదా యని యూరకుంటిమి. అటుపిమ్మట ఎనిమిది నెలలు ఆ పిల్ల నవ్వినప్పుడెల్ల ఓణీచెఱగు నోటికడ్డము పెట్టుకొనుచుండెను. వచ్చినవారెల్ల "ఎంత అణకువ!" అని మెచ్చుకొనిరి. మేమును మురిసితిమి. సిగ్గుతో కుమిలిపోవు పిల్లను చూచి వినయమని మురిసినవారము మేము.

రాత్రి భోజనములైన పిమ్మట ఆమె మాకు భాగవతమునుండి నాలుగు పద్యములు చదివి వినిపించుట మా యింటి వాడుక. పండుగ తరువాత గొంతు బాగుండలేదనియు, పరీక్షలనియు చెప్పి మానివేసినది. ఒకనాడు బలవంతముచేసి చదివింపగా సకారము వచ్చినచోటనెల్ల ఈలవలె గాలి పోవుచుండెను. తకారాదులును లకార సకారములును దంత్యములని చిన్నతనమున మా నాయనగారి యొద్ద వల్లెవేసితిమి. దంతము సరిగ లేనిచో దంత్యమేమగునో ఆ రాత్రి వింటిమి. పిల్ల పుస్తకము మూసి యేడ్చినది.

మఱునాడే పట్టణమునకు తీసికొనిపోయితిమి. ఎవరి యొద్దకో పేరు చెప్పము. పది నిమిషములలో పని ముగిసి చేతికి అద్దమిచ్చిరి. అతుకు కనబడనే లేదు. సంతోషించి యింటికి వచ్చితిమి. పందొమ్మిదవనాడు జామకాయ కొఱుకగా ఆ ముక్క జామకాయలోనే యుండిపోయినది. అప్పుడు మేమును ఆ కోనసీమ అత్తగారి మాటయే యంటిమి: "ప్లాస్టికు గదా, ఎన్నాళ్ళుంటుంది!" మా వారు బడిపంతులు, కారణము తెలియక దేనిని విడువరు. "తప్పు జిగురుదా, అతికించిన చేతిదా, అతికిన చోటుదా? మూటిలో ఏదో తెలియకుండా ప్లాస్టికును తిట్టవద్దు" అనిరి. వారి ప్రశ్న పట్టుకొనియే మేమీ సంగతులన్నియు కూర్చుకొంటిమి.

రెండవసారి పోవుటకు పిల్ల నొప్పించుటకే ఇరువది దినములు పట్టినది. ఈసారి విచారించి పోయితిమి. దంతవైద్యము నేర్పు కళాశాలలు మన గోదావరి సీమలో దండిగనే యున్నవి: భీమవరమున విష్ణు కళాశాల, రాజమహేంద్రవరము చేరువ రాజానగరము కడ జి.ఎస్.ఎల్., లెనోరా, అమలాపురమున కిమ్స్. కళాశాలల ఆసుపత్రులలో విద్యార్థులు గురువుల కనుసన్నలలో పనిచేయుదురు. ఎక్కువసేపు కూర్చుండవలసివచ్చినను వ్యయము తక్కువ. మేము పోయినది సొంతముగ వైద్యము చేయు నొక వైద్యురాలి యొద్దకు. ఆమె మాకంటె వయస్సున చిన్నది. "అమ్మా, మీరు పక్కనే కూర్చుని చూడండి. చూస్తే భయం పోతుంది" అనెను. గంటకు పైగా కూర్చుంటిమి. అడిగినదానికెల్ల విసుగులేక చెప్పెను.

మొదట ఎక్స్‌రే తీయించెను. పన్ను దెబ్బతిన్నప్పుడు పైకి విఱిగినంతయే కనబడును గాని లోపలి నరము చచ్చిపోవచ్చునట. అట్టి పన్ను కొంతకాలమునకు నల్లబడును. మా పిల్ల నరము బ్రదికియున్నదని తేలినది. తరువాత రంగు. చీరకు రవికగుడ్డ కుదుర్చుటకు చీరకొంగు అంగడికి తీసికొనిపోవుదుము గదా! అట్లే ఏ1, ఏ2, ఏ3 అని గుఱుతులున్న పంటిరంగుల వరుసను పిల్ల పంటి ప్రక్కనుంచి పగటివెలుతురున చూచెను. ఈ పని అన్నిటికంటె ముందు చేయవలెనట. నోరు తెఱచియుంచగా పన్ను ఎండి, ఉన్నదానికంటె తెల్లగ కనబడును. ఆ తెలుపునకు సరిపోయిన అతుకు పన్ను మఱల తడిసినపుడు వేఱుగ తెలిసిపోవును.

పిమ్మట పలుచని రబ్బరు తెరకు రంధ్రములు చేసి, ఆ పంటిని, దాని ప్రక్కవానిని మాత్రము పైకి తీసి, తక్కిన నోరంతయు మఱుగుపఱచెను. 1864లో అమెరికాలో బార్నం అను దంతవైద్యుడు కనిపెట్టిన యుపాయమట. ఉమ్మియు, ఊపిరిలోని తేమయు పంటికి తగులరాదు. మొదటిసారి ఇట్టిదేదియు జరుగలేదు. దూది యొకటి పెదవిక్రింద నుంచిరి, అది తడిసిపోయినను మార్చలేదు. మా వారి ప్రశ్నకు జవాబు అక్కడనే దొరికినది. తడిగోడమీద అంటించిన కాగితము ఎట్లుండునో ఆ యతుకు అట్లుండెను. కొన్ని కేసులలో తెర కుదరదనియు, అప్పుడు దూదితోను గాలితోను జాగ్రత్తపడి చేయవచ్చుననియు ఆమె చెప్పెను. తెర లేనివారందఱు తప్పుచేయుచున్నారని మేమనుట లేదు. పొడిగ నుంచుట ముఖ్యము.

తరువాత నీలిరంగున చిక్కగ నున్న మందొకటి విఱిగిన యంచున పూసెను. అది నూటికి 37 పాళ్ళ ఫాస్ఫారికామ్లము. అరనిమిషము లోపలనే కడిగివేసి గాలి యూదగా ఆ యంచు ముగ్గుపిండి చల్లినట్లు తెల్లబడినది. "పన్నును ఆమ్లముతో కాల్చుటా?" అని మేము ఉలికిపడితిమి. ఆ సంగతి వినదగినది.

పంటి పైపొరను పింగాణి యందురు. మన శరీరమున దానికంటె గట్టిది లేదు. బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. ఆ నున్నని పొరకు ఏ జిగురును పట్టదు. 1955లో అమెరికాలోని రాచెస్టరు నగరమున మైకేల్ బువొనకోర్ అను దంతవైద్యుడు, కర్మాగారములలో లోహమునకు రంగు బాగుగ పట్టుటకు ముందుగా ఫాస్ఫారికామ్లము పూయుదురని తెలిసి, దానినే పంటిపై పరీక్షించి చూచెను. ఆమ్లము పింగాణిలో కంటి కగపడని గుంటలు చేయును. ఆ గుంటలలోనికి ద్రవముగ నున్న రెసిను దిగి గట్టిపడినచో వేలకొలది సన్నని వేళ్ళు దిగినట్లగును. గోడకు గచ్చు పూయుటకు ముందు గంట్లు పెట్టెడు తాపీపనివానికి ఈ రహస్యము తెలిసినదే. అయితే పంటిపై ప్రయోగించుటకు 1955 దాక ఎవరికిని తోచలేదు. పింగాణి క్రింది పొరయైన డెంటీను సంగతి వేఱు. అందులో తేమయు, సన్నని గొట్టములును ఉన్నవి; దానికి అతుకుట మఱింత కష్టము. జపానులో నకబయాషి అను శాస్త్రజ్ఞుడు 1982లో, రెసిను డెంటీనులోనికి ఇంకి రెండును కలిసిన పొర యొకటి ఏర్పడునని చూపిన పిమ్మటనే ఆ చిక్కు చాలవఱకు విడినది.

ఇక నతికించిన పదార్థము. కాంపోజిటు అనగా మిశ్రమము. మన పల్లెలలో మట్టిగోడ పెట్టువారు ఒట్టి బంకమట్టితో పెట్టరు. ఎండకు ముడుచుకొని బీటలు వాఱును. ఊకయో, తఱిగిన గడ్డియో కలిపి త్రొక్కుదురు. మిద్దెకు సిమెంటు పోయువారు ఇసుకయు కంకరయు కలుపుదురు. పట్టియుంచునది యొకటి, బలమిచ్చునది యొకటి. పంటి కాంపోజిటులో పట్టియుంచునది రెసిను. గుగ్గిలము చెట్టుకు కాఱును. ఇది రసాయనశాలలో పుట్టినది. బలమిచ్చునది గాజుపొడియు సిలికాపొడియు, అనగా ఇసుక కులమునకు చెందినవి. నేడు వాడెడి చాలరకములలో బరువున నూటికి 60 మొదలు 80 వఱకు ఆ పొడియే. కావున అత్తగారితో "సగానికి మించి ఱాయేనండీ" అని ధైర్యముగ చెప్పవచ్చును.

గాజుకును రెసినుకును సహజముగ పొత్తు కుదరదు. 1962లో రాఫెల్ బోవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు బిస్-జీఎంఏ అను క్రొత్త రెసినుకు పేటెంటు పొందెను. సిలికాపొడికి సిలేను అను పూతపూసి, ఆ పూత ఒక ప్రక్క ఱాతిని, ఒక ప్రక్క రెసినును పట్టుకొనునట్లు చేసినది కూడ ఆయనయే. అంతకుముందు పంటిరంగు పూడికకు సిలికేటు సిమెంటులును, 1940ల నాటి ఆక్రిలికు రెసినులును ఉండెడివి. మొదటివి నోటిలో మెల్లగ కరగిపోయెడివి. రెండవవి గట్టిపడునపుడు ముడుచుకొని సందులు విడిచెడివి. ఆ సందులలో నీరు చేరి పన్ను మఱల పుచ్చెడిది. మన పెద్దలు "పూడిక నిలువదు" అనుట అబద్ధము కాదు. వారు చూచిన పూడిక వేఱు.

ఇందులో మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. మెత్తని ముద్దగ నున్న కాంపోజిటు నీలికాంతి తగిలిన కొన్ని సెకనులలో ఱాయియగును. ఆ కాంతిని పట్టుకొని గట్టిపడుట కారంభమిచ్చునది కాంఫర్‌క్వినోను అను పదార్థము, కర్పూరమునుండి పుట్టినది! హారతిపళ్ళెరమున వెలిగి మాయమగు కర్పూరమునకు పంటిలో నిలిచిపోవు చుట్టమున్నదని విని ఆశ్చర్యపడితిమి. దాని రంగు పసుపు. అందుచేత ముద్దగా నున్నప్పుడు కాంపోజిటు కొంచెము పచ్చగ కనబడును. వైద్యురాలు నారింజరంగు అద్దము అడ్డము పెట్టుకొని దీపము వెలిగించెను. ఆ నీలికాంతిని నేరుగ చూచుట కంటికి మంచిది కాదట. పిల్ల తల్లి వలె వంగి చూచుచున్న మమ్ముగూడ వెనుకకు జరుగుమనెను.

ఈ ముద్ద ఒక్కమాఱుగ పెట్టరు. గట్టిపడునపుడు నూటికి రెండు మూడు పాళ్ళు ముడుచుకొనును. లావుగ పెట్టిన అంచులు లాగుకొని సందు విడుచును, అడుగునకు కాంతియు చేరదు. కాబట్టి రెండు మిల్లీమీటర్లకు మించని పొరలు పఱచి, ఒక్కొక్క పొరకు దీపము చూపుదురు. ఆత్రేయపురమున పూతరేకులు చుట్టువారి యోపిక యుండవలెను. మా పిల్ల పంటికి నాలుగు పొరలు పట్టినవి: లోపల కొంచెము మబ్బుగ నున్నది, పైన వెలుతురు పోనిచ్చునది. పన్ను ఒక్క రంగుది కాదని మేమంతవఱకు గమనింపలేదు. ఇపుడు అద్దములో చూచుకొనుచున్నాము. మొదటిభాగము పచ్చన, కొన నీలిమీగడ ఛాయ.

రకములను గుఱించి మా కోనసీమ సోదరి యడుగలేదు గాని, తెలియుట మంచిది. కాంపోజిటు అని యొకే పేరుతో పిలువబడునవి పలువిధములు. తేడా యంతయు ఱాతిపొడి నలుగులో నున్నది. మొదట వచ్చినవానిలో నలుసులు పెద్దవి, 10 మొదలు 50 మైక్రానుల దాక. గట్టివే గాని, నమలగా నమలగా రెసిను అఱిగి ఱాళ్ళు పైకి తేలెడివి, వానకు కొట్టుకొనిపోయిన కంకరబాటవలె. గరుకైన చోట తేనీటి మరక చేరును. వాని కాలము గడచినది. వెనుక మైక్రోఫిల్ రకము వచ్చినది. నలుసు 0.04 మైక్రాను, అద్దమువలె మెఱయును. అయితే అంత మెత్తని పొడి ఎక్కువ కలిపిన ముద్ద పనికిరానంత బిగిసిపోవును; తక్కువ కలుపవలసివచ్చును; బలము తగ్గును. ముందరి పండ్లకు అందమే గాని దవడపంటిపై నిలువదు.

రెండింటి సుగుణములును కావలెనని సంకరజాతిని చేసిరి, హైబ్రిడు అందురు. ధవళేశ్వరము పోయి 1852లో ముగిసిన పాత ఆనకట్టను తలచుకొనిన ఈ సంగతి సులభముగ తెలియును. ఱాతికట్టడము కట్టువారు ఒకే పరిమాణపు ఱాళ్ళు పేర్చరు. పెద్దవాని సందున చిన్నవి, చిన్నవాని సందున సున్నము. అట్లే పెద్ద నలుసుల నడుమ చిన్న నలుసులు కూరిన సందు తగ్గును, రెసిను తక్కువ పట్టును, ముడుచుకొనుట తగ్గును. నలుసులను సగటున ఒక మైక్రానుకు లోపలికి దింపినవి మైక్రోహైబ్రిడులు. ఈ శతాబ్దమున వచ్చినవి నానో రకములు. 100 నానోమీటర్లకు లోపలి నలుసులవి. తలవెండ్రుక మందము డెబ్బదివేల నానోమీటర్ల ప్రాంతమని తలచినచో ఎంత నలుగో యూహింపవచ్చును. అట్టి నలుసులను పెద్దవానితో కలిపిన నానోహైబ్రిడు ముందు పండ్లకును దవడపండ్లకును పనికివచ్చును. మా పిల్లకు పెట్టినది అదియే.

చిక్కదనమును బట్టియు తేడాలున్నవి. వంటయింటివారికి చెప్పనక్కఱలేదు: దోసెపిండి యొకటి, గారెలపిండి యొకటి. 1990ల నడుమ వచ్చిన జాఱుడు రకము దోసెపిండివంటిది. సన్నని పగుళ్ళలోనికి, పెద్ద పూడిక క్రింద మొదటి పొరకు వాడుదురు. ఱాతిపొడి తక్కువగుటచే నమలు చోట దానిని ఒంటిగ నమ్మరాదు. దవడపంటి పెద్ద గుంటలకు నాలుగు మిల్లీమీటర్లు ఒక్కమాఱే పెట్టదగిన బల్క్‌ఫిల్ అను రకము ఇటీవలిది. నోరు ఎక్కువసేపు తెఱచియుంచలేనివారికి మేలు.

పిల్లల పాలపండ్లకును, చిగురు దగ్గఱ వేరు బయటపడిన చోట్లకును గ్లాసు అయానొమరు అను వేఱొక జాతి కలదు. 1972లో ఇంగ్లండులో విల్సన్, కెంట్ అనువారు ప్రకటించినది. అది ఆమ్లపుపూత లేకయే తనంతట పంటికి పట్టును, తేమను కొంత సహించును, పుచ్చకుండ కాపాడు ఫ్లోరైడును మెల్లగ విడుచును. అందమును బలమును మాత్రము కాంపోజిటుకు తీసికట్టు. వెండిరంగు పూడిక మీలో చాలమందికి ఉండును, మాకును ఒకటున్నది. దానిలో సుమారు సగము పాదరసము. గట్టిది, చౌకది, అయితే పంటికి అతుకదు, కావున గట్టిగ కూర్చుండుటకు మంచి పన్నుకూడ కొంత తొలువవలసివచ్చును. పాదరసము నేలలోను నీటిలోను చేరుననుటచే 2013లో మినమాటా ఒప్పందము చేసికొని దేశములు దానిని తగ్గించుకొనుచున్నవి. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి నుండి సామాన్యముగ వాడుట నిలిపివేసిరి. నోటిలో చక్కగ నున్న పాత వెండిపూడికను భయపడి పెఱికించుకొనవద్దని వైద్యులు చెప్పుచున్నారు. తీయునపుడే పాదరసపు ఆవిరి ఎక్కువ వచ్చునట.

నిలుచునా యను ప్రశ్న మిగిలినది. పొడిగ నుంచి, పొరపొరగ పెట్టి, నునుపుచేసిన ముందరిపంటి అతుకు కొన్ని యేండ్లు నిలుచును. పదేండ్లు దాటినవియు గలవు. జన్మమంతయు నిలుచునని చెప్పువారిని నమ్మకుడు. దీనియందు మేలేమన, మూల కొంచెము చెదరినచో మొత్తము తీయక అక్కడనే మఱల అతుకవచ్చును. మన యాడవారి నోటికి ప్రత్యేకముగ రెండు శత్రువులున్నవి. పూలు కట్టునపుడు దారము పంటితో తెంపుట, రవికకు గుండీ కుట్టి దారము కొఱుకుట ఒకటి. వక్క కొఱుకుట రెండవది. చెఱకుగడ ముందుపండ్లతో చీల్చుట మా పిల్ల మానుకొన్నది; సంక్రాంతికి ముక్కలు కోసి యిచ్చుచున్నాము. కూరలలోని పసుపు కాంపోజిటుకు అంటును, తేనీరును అంతే. అతుకు పెట్టించిన మొదటి రెండు దినములు పథ్యమువలె పెరుగన్నము తినుట మంచిది.

ఇంకొక చిన్న సంగతి. పాలపన్ను ఊడినచో పేడముద్దలో పెట్టి యింటికప్పుపై విసరుట మన పల్లెల ఆచారము. విసరుడు. కాని దెబ్బ తగిలి విఱిగిన శాశ్వతపు పంటిముక్కను మాత్రము వెదకి, పాలలోనో మంచినీళ్ళలోనో వేసి వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. ఆ ముక్కనే మఱల అతికించుట సాధ్యము; దానిని మించిన రంగు ఏ పెట్టెలోను దొరకదు. మేము నెత్తురు కడుగు తొందరలో ముక్క సంగతి తలపలేదు.

ఇక పెండ్లివారితో చెప్పవలెనా? చెప్పవలెను. కండ్లజోడు సంగతి చెప్పినట్లు, మామూలు గొంతుతో చెప్పవలెను. దాచినచో పదేండ్లలో ఎప్పుడో అతుకు మార్పించుకొనవలసినపుడు ఆ పిల్ల దొంగతనముగ పోవలసివచ్చును. అత్తగారికి కోపము రాకున్న ఒకటి యడుగుదుము: పెండ్లికుమారుల పండ్లలో ఎన్ని పూడికలో ఏ పెండ్లిచూపులలో ఎవరడిగిరి?

మా పిల్ల పని ముగిసినపుడు వైద్యురాలు మావంక తిరిగి "మీ పళ్ళు కూడా చూడనా అమ్మా?" అనెను. "ఇంకొకసారి" అంటిమి. కుడిదవడ పంటిలో గుంట యున్నదని మాకు ఆఱేండ్లుగా తెలియును. పిల్లల పరీక్షలనియు, అత్తగారి కంటి శస్త్రచికిత్సయనియు, మా వారి బదిలీయనియు ప్రతియేడును వాయిదా వేసికొంటిమి. నొప్పి వచ్చినపుడు లవంగనూనెలో దూది ముంచి పెట్టుకొని ఎడమప్రక్క నమలుచుంటిమి. వాయిదా వేయుట త్యాగమని లోలోపల కొంత గర్వము కూడ నుండెనని ఒప్పుకొనవలెను.

ఆ "ఇంకొకసారి" ఈ శ్రావణమున వచ్చినది. రాత్రులు నిద్రలేకపోగా పోయితిమి. ఎక్స్‌రే చూచి ఆమె నిట్టూర్చెను. ఆఱేండ్ల క్రిందట గంటసేపటిలో కాంపోజిటుతో పూడిపోయెడి గుంట, నరము దాక పోయినది. ఇప్పుడు నరము తీసి, వేరులు శుభ్రపఱచి, పూడ్చి, పైన తొడుగు వేయవలెను. నాలుగుసార్లు తిరుగవలెను, ఖర్చు ఎన్నో రెట్లు. లవంగనూనె సంగతి చెప్పగా, "చెప్పి మంచిపని చేశారు" అనెను. అందులోని యూజినాలు అను సారము పంటిలో మిగిలియున్నచో రెసినును సరిగ గట్టిపడనీయదట. లవంగనూనె పెట్టుకొను సోదరీమణులు పూడిక పెట్టించుకొనునపుడు ఈ మాట మఱవక చెప్పుడు.

పిల్ల రాత్రులు మఱల భాగవతము చదువుచున్నది. నిన్న గజేంద్రమోక్షము చదివినది. సకారములన్నియు తిన్నగ పలికినవి. ఓణీచెఱగు భుజముమీదనే యున్నది. మేము మాత్రము వెచ్చని ఉప్పునీళ్ళ గిన్నె చేతపట్టుకొని వింటిమి. వచ్చు మంగళవారము మా పంటికి తొడుగు కొలతలు తీయుదురట. అందాక ఎడమప్రక్కనే నములుచున్నాము.